ఆన్‌లైన్ ప్రకటనల ఆడిట్‌కు సిద్ధం కావడం ఎలా: ప్రతి పనికీ రుజువు

ఆన్‌లైన్ ప్రకటనల వ్యాపారంలో ఆడిట్‌లో ఫెయిల్ కావాలంటే మోసమే జరగనక్కర్లేదు. నకిలీ ట్రాఫిక్‌ను ఏరే ఫిల్టర్ ఏడాదంతా నడిచే ఉంటుంది, మార్చి 14న నడిచిందని చూపే లాగ్ మాత్రం ఉండదు. సమ్మతి బ్యానర్ సరిగ్గానే పెట్టి ఉంటారు, ఆ నెలలో దానిమీద ఏ మాటలున్నాయో చెప్పే నకలు ఎవరి దగ్గరా ఉండదు. రుజువు చేతిలో లేని పనిని ఆడిటర్ చేయని పనిగానే రాసుకుంటారు. కాబట్టి సిద్ధం కావడమంటే, ఏ పని ఎక్కడ ఆనవాలు వదులుతుందో, దాన్ని ఎప్పుడు తీసి భద్రపరచాలో, అది ఎక్కడ చెడిపోతుందో ముందుగా తెలుసుకోవడం. ప్రకటన స్థలం ఉన్న సైటు నడిపే పబ్లిషర్‌కైనా, ఆ స్థలాన్ని కలిపి అమ్మే యాడ్ నెట్‌వర్క్‌కైనా, వేలం నడిపే ఎక్స్ఛేంజ్‌కైనా, ప్రకటనలు చేసిపెట్టే ఏజెన్సీకైనా పని క్రమం ఇదే. బరువు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో చోట పడుతుంది.

మొదట పరిధి

సర్టిఫికేషన్ అనే ఒక్క మాట కింద వేర్వేరు పరీక్షలను కలిపేస్తే మొదటి నెల వృథా అవుతుంది. మొదటి రకం లెక్కింపును పరీక్షిస్తుంది. ఇంప్రెషన్లు (ప్రకటన ఎన్నిసార్లు చూపారు), వ్యూయబిలిటీ (అది నిజంగా తెరమీద కనబడిందా), క్లిక్‌లు అంటూ మీరు ఇచ్చే అంకెలు నమ్మదగినవేనా అని చూస్తుంది. ఈ పనిలో పేరున్న సంస్థ మీడియా రేటింగ్ కౌన్సిల్, వాడుకలో ఎంఆర్‌సీ. 1960ల మొదట్లో ప్రసార రేటింగులపై అమెరికా కాంగ్రెస్ జరిపిన విచారణల ఫలితంగా పుట్టింది. స్వతంత్ర ఆడిటర్లు వచ్చి పరిశీలిస్తారు, సభ్యుల కమిటీ ఆ నివేదిక చదువుతుంది, గుర్తింపు ఇస్తే ఒక్కో కొలమానానికి విడివిడిగా ఇస్తారు. డెస్క్‌టాప్ డిస్‌ప్లే ఇంప్రెషన్లకు గుర్తింపు ఉన్నంత మాత్రాన మొబైల్ యాప్ వీడియోకు ఉన్నట్టు కాదు.

రెండో రకం వ్యాపార నడవడిని చూస్తుంది. 2014లో ప్రకటనకర్తలు, ఏజెన్సీలు, ఆన్‌లైన్ మీడియా సంఘాలు కలిసి పెట్టిన ట్రస్ట్‌వర్తీ అకౌంటబిలిటీ గ్రూప్, అంటే ట్యాగ్, మోసానికి ఒకటి, మాల్‌వేర్‌కు ఒకటి, బ్రాండ్ భద్రతకు ఒకటి చొప్పున వేర్వేరు ముద్రలు ఇస్తుంది. వాటిని ఏటా మళ్లీ సంపాదించుకోవాలి. మూడోది సమాచార భద్రత: సాక్ 2, ఐఎస్ఓ 27001 అనే ప్రమాణాల పరీక్షలు. సాక్ 2లో టైప్ 1 ఒక తేదీ నాటికి నియంత్రణలు సరిగా రూపొందించారా అని చూస్తే, టైప్ 2 కొన్ని నెలల పాటు అవి నడిచాయా అని చూస్తుంది. క్లయింట్ అడిగేది దాదాపు ఎప్పుడూ టైప్ 2నే. నాలుగోది చట్టం. చట్టం ఏడాదికోసారి పరీక్ష పెట్టదు, ఫిర్యాదు వచ్చిన రోజున అడుగుతుంది. ఆ రోజున చూపించాల్సింది పాత రికార్డే.

ఏ పరీక్షో తేలాక ఒక్క పేజీలో పరిధి రాయండి: ఏ చట్టబద్ధ సంస్థ, ఏ డొమైన్లు, ఏ యాప్‌లు, ఏ ఫార్మాట్లు, ఏ పరికరాలు, ఏ లావాదేవీలు. వదిలేసినవి కూడా పేర్లతో రాయాలి. పరిధిని ఘనంగా కనిపించేలా పెంచి రాయడం పెద్ద తప్పు. టీవీ యాప్‌లో ఫిల్టర్ ఇంకా పెట్టకుండానే "అన్ని ఫార్మాట్లు" అని రాసేస్తే, ఆ ఒక్క మాటతో మిగతా చోట్ల చేసిన మంచి పని కూడా పడిపోతుంది. చిన్న పరిధితో మొదలుపెట్టి రెండో ఏడు పెంచుకోవడమే తెలివైన దారి.

ఈ దశలోనే ఒక బాధ్యుణ్ణి లేదా బాధ్యురాలిని నియమించండి. ట్యాగ్ నిబంధనల్లో కంప్లయన్స్ ఆఫీసర్ తప్పనిసరి, వారికి శిక్షణ కూడా ఉంటుంది. ఆ వ్యక్తి అమ్మకాల విభాగం కింద పనిచేయకూడదు. ఆదాయం తెచ్చే ఒక సరఫరాదారును నిలిపేయమని చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ మాట చెల్లాలి కదా. ఇంకో మాట: నిబంధనల పత్రం ఏ ఏడాదిదో చూసుకోండి. పాత ఏడాది పత్రం పట్టుకుని పనంతా చేసి, చివర్లో ఒక కొత్త షరతు దగ్గర ఆగిపోవడం తరచూ జరిగేదే.

అమ్మకపు గొలుసు ఫైళ్లు

ఇవి బయటివాళ్లకు కూడా కనిపించే ఫైళ్లు. ఆడిటర్ మీ గుమ్మంలోకి రాకముందే వీటిని తెరిచి చూస్తారు. అందుకే ముందు ఇవి.

యాడ్స్ డాట్ టెక్స్ట్ ఫైలును 2017లో, ఆన్‌లైన్ ప్రకటనలకు సాంకేతిక ప్రమాణాలు రాసే ఐఏబీ టెక్ ల్యాబ్ తెచ్చింది. తన సైటులోని ప్రకటన స్థలాన్ని అమ్మే హక్కు ఎవరెవరికి ఉందో పబ్లిషర్ బహిరంగంగా చెప్పే జాబితా అది. యాప్‌లకు యాప్ యాడ్స్ డాట్ టెక్స్ట్, అమ్మకం వేదికలు తమ అమ్మకందారులను చెప్పే జాబితా సెల్లర్స్ డాట్ జేసన్, ప్రతి బిడ్ అభ్యర్థనతో (ప్రకటన స్థలానికి ధర చెప్పమని కొనుగోలుదారులకు పంపే కబురు) ప్రయాణిస్తూ ఆ స్థలం ఎవరెవరి చేతులు మారిందో చెప్పే సప్లయ్ చెయిన్ ఆబ్జెక్ట్ – ఈ మూడూ 2019లో వచ్చాయి. యాడ్స్ డాట్ టెక్స్ట్‌లో ఒక్కో వరుసలో కామాలతో మూడు గడులు తప్పనిసరి: వేదిక డొమైన్, అందులో మీ ఖాతా సంఖ్య, డైరెక్ట్ లేదా రీసెల్లర్ అనే సంబంధం. నాలుగో గడిలో ఆ వేదికకు ధ్రువీకరణ సంస్థ ఇచ్చిన గుర్తింపు సంఖ్య రాస్తారు. అది ఐచ్ఛికం.

ఈ ఫైలును శుభ్రం చేసే క్రమం ఇలా ఉంటే పొరపాటు జరగదు. మొదట అకౌంట్స్ విభాగం నుంచి గత మూడు నెలల చెల్లింపుల జాబితా తీసుకోండి. ఫైలులోని ప్రతి వరుసను దాని పక్కన పెట్టండి. డైరెక్ట్ అని రాసిన వరుసకు ఆ వేదిక నుంచి మీకు నేరుగా డబ్బు వచ్చి ఉండాలి. రాకపోతే ఆ ఖాతా ఎవరిదో కనుక్కోండి. తర్వాత ఒక్కో వేదిక సెల్లర్స్ డాట్ జేసన్ ఫైలు తెరిచి మీ ఖాతా సంఖ్యను వెతకండి. మీ వైపు డైరెక్ట్ ఉంటే అక్కడ అమ్మకందారు రకం పబ్లిషర్ లేదా బోత్ అని ఉండాలి. మీ వైపు రీసెల్లర్ ఉంటే అక్కడ ఇంటర్మీడియరీ లేదా బోత్ అని ఉండాలి. ఖాతా సంఖ్యే కనబడకపోయినా, పేరు, డొమైన్ గోప్యం అని దాచి ఉన్నా ఆ వేదికకు ఉత్తరం రాయండి. ఆ ఉత్తరం, దానికి వచ్చిన జవాబు రెండూ రుజువులే. 2022లో వచ్చిన యాడ్స్ డాట్ టెక్స్ట్ 1.1 వెర్షన్‌తో ఓనర్ డొమైన్, మేనేజర్ డొమైన్ అనే రెండు వరుసలు చేరాయి. ఓనర్ డొమైన్‌లో రాసిన పేరు సెల్లర్స్ డాట్ జేసన్‌లో మీ పేరు పక్కనున్న డొమైన్‌తో అక్షరం తేడా లేకుండా కలవాలి.

ఈ ఫైలు పాడయ్యే ముఖ్య కారణం అతికింపు. కొత్త భాగస్వామి ఒకరు రెండు వందల వరుసలు పంపి కలిపేయమంటారు, ఎవరూ చదవకుండా కలిపేస్తారు. అందులోని ఒక్కో రీసెల్లర్ వరుస, మీకు ముక్కూమొహం తెలియని మరొకరికి మీ పేరుతో అమ్మే తలుపు తెరుస్తుంది. మూడు నెలల్లో పైసా రాని వరుసను తీసేయండి. దానివల్ల ఆదాయం పడిపోతుందన్న భయం ఉంటే ఐదేసి వరుసలు చొప్పున తీస్తూ వారం వారం గమనించండి.

సాంకేతిక తప్పులు వేరే. ఫైలు డొమైన్ మూలంలోనే ఉండాలి, సాదా టెక్స్ట్‌గా రావాలి. ఫైలు లేనప్పుడు కూడా సైటు 200 కోడ్‌తో (దొరికిందని చెప్పే సంకేతం) ఒక అందమైన హెచ్‌టీఎంఎల్ పేజీ ఇస్తుంటే, క్రాలర్ (సైట్లను తిరిగి చదివే ప్రోగ్రాం) దాన్నే ఫైలు అనుకుని తికమకపడుతుంది. వేరే డొమైన్‌కు దారి మళ్లింపు ఒక్కసారికి మించితే దాన్ని పాటించరు. ఉపడొమైన్‌కు వేరే ఫైలు పెడితే మూల ఫైలులో ఆ సంగతి ప్రకటించాలి. రోబోట్స్ ఫైలులో క్రాలర్లను అడ్డుకుంటే అంతా వృథా. యాప్‌ల విషయంలో యాప్ స్టోర్ పేజీలో డెవలపర్ వెబ్‌సైట్ అని ఏది రాశారో అక్కడే ఫైలు వెతుకుతారు. ఆ గడి ఖాళీగా ఉంటే మీ ఫైలు ఎంత చక్కగా ఉన్నా ఎవరికీ కనబడదు. అమ్మే హక్కు ఎవరికీ ఇవ్వని డొమైన్‌లో కూడా ఖాళీ ఫైలు పెట్టకండి. నిర్దేశంలో చెప్పిన నమూనా వరుసను పెడితే ఎవరికీ హక్కు లేదని స్పష్టమవుతుంది.

నెట్‌వర్క్, ఎక్స్ఛేంజ్ నడిపేవాళ్లు సప్లయ్ చెయిన్ ఆబ్జెక్ట్‌ను నిజమైన ట్రాఫిక్‌లోంచి తీసి చూడాలి. డాక్యుమెంట్ చూసి తృప్తిపడకండి. ఒక రోజు లాగ్‌లోంచి వంద బిడ్ అభ్యర్థనలు యాదృచ్ఛికంగా తీయండి. మొదటి కణుపు (గొలుసులో ఒక్కో అమ్మకందారు నమోదు ఒక్కో కణుపు) పబ్లిషర్‌కు దగ్గరగా ఉన్న అమ్మకందారుదై ఉండాలి, చివరిది అభ్యర్థన పంపినవారిది. ప్రతి కణుపులోని సిస్టమ్ డొమైన్, అమ్మకందారు సంఖ్య ఆయా సెల్లర్స్ డాట్ జేసన్‌లో దొరకాలి. గొలుసు మొదటి నుంచి పూర్తిగా తెలిస్తేనే కంప్లీట్ గడిలో 1 రాయాలి. ముందువారి నుంచి గొలుసు రాకపోయినా అలవాటుగా 1 రాసే కోడ్ చాలాచోట్ల కనిపిస్తుంది. అది అబద్ధపు ప్రకటన కిందికే వస్తుంది.

ఈ ఫైళ్లన్నిటినీ గిట్ లాంటి వెర్షన్ భాండాగారంలో పెట్టండి. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో దానంతట అదే నమోదవుతుంది, ఆడిట్‌లో సగం ప్రశ్నలకు ఆ చరిత్రే జవాబు.

చెల్లని ట్రాఫిక్ వడపోత

చెల్లని ట్రాఫిక్ రెండు రకాలు. మామూలు రకాన్ని జాబితాలతో, సాధారణ తనిఖీలతో పట్టుకోవచ్చు: తాము బాట్‌లమని చెప్పుకునే క్రాలర్లు, డేటా సెంటర్ ఐపీల నుంచి వచ్చేవి, ముందుగా లోడ్ చేసి చూపకుండా వదిలేసిన పేజీలు. అధునాతన రకానికి లోతైన విశ్లేషణ కావాలి: మాల్‌వేర్ పట్టిన వాడుకరి కంప్యూటర్లు, ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్రకటనలు, దొంగ డొమైన్ పేర్లు. 2016లో బయటపడ్డ మెథ్‌బాట్ అనే మోసం ఈ రెండో కోవది. డేటా సెంటర్లలోని సర్వర్లే ఇంటి కనెక్షన్లలా కనిపించేలా ఐపీ నమోదులను తారుమారు చేశారు. జాబితా ఒక్కటే చాలదనడానికి అంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మామూలు వడపోతకు ఆన్‌లైన్ ప్రకటనల సంఘం ఐఏబీ, బ్రిటన్ ఆడిట్ సంస్థ ఏబీసీ కలిసి ఇచ్చే అంతర్జాతీయ బాట్ జాబితాను రెండు గడపలుగా వాడాలి. మొదట యూజర్ ఏజెంట్ (బ్రౌజర్ తానెవరో చెప్పుకునే మాట) తెలిసిన బ్రౌజర్ల పట్టికలో ఉందా అని చూస్తారు, ఉన్నవాటిలోంచి తెలిసిన బాట్‌లను తీసేస్తారు. రెండో గడప ఒక్కటే పెట్టి మొదటిది వదిలేయడం పరిపాటి. అప్పుడు పేరూ ఊరూ లేని విచిత్ర యూజర్ ఏజెంట్లన్నీ చెల్లినట్టే లెక్కలోకి వచ్చేస్తాయి. దానికి తోడు డేటా సెంటర్ ఐపీ జాబితా, మోసపు డొమైన్ల జాబితా, మోసపు యాప్‌ల జాబితా. వడపోత నూటికి నూరు లావాదేవీల మీదా నడవాలి. వందలో పది తీసి చూసి మిగతావాటికి అంచనా వేయడం ఈ పరీక్షలో చెల్లదు.

ఇక్కడ ఆడిట్‌ను ముంచేది మౌనంగా ఆగిపోయిన పని. జాబితాను దించుకునే ప్రోగ్రాం పాస్‌వర్డ్ గడువు తీరి ఆగిపోతుంది. లేదంటే సున్నా బైట్ల ఫైలు దిగుతుంది, ఫిల్టర్ దాన్ని ఖాళీ జాబితాగా చదివి అందరినీ లోపలికి వదిలేస్తుంది. ఎక్కడా ఎర్రదీపం వెలగదు. దీనికి మందు చిన్నదే. ప్రతిసారీ తేదీ, వరుసల సంఖ్య, ఫైలు చెక్‌సమ్ (ఫైలు మారిందా లేదా అని తేల్చే సంఖ్య) నమోదు చేయండి. వరుసల సంఖ్య కిందటిసారి కంటే ఐదో వంతు మించి తగ్గినా, పెరిగినా కొత్త ఫైలును వాడకుండా పాతదానితోనే నడిపి మనిషికి కబురు పంపేలా పెట్టండి. నెలాఖరున ఆ నమోదు పట్టికను ఒకరు చూసి సంతకం చేస్తే ఏడాదికి పన్నెండు రుజువులు తయారవుతాయి.

ప్రవర్తన ఆధారిత నియమాలకు, అంటే ఒకే కుకీ నుంచి గంటకు ఇన్ని క్లిక్‌లు మించితే చెల్లవు లాంటివాటికి, ఆ అంకె ఎందుకు ఎంచుకున్నారో రాసి ఉండాలి. పంపిణీ గ్రాఫ్ గీసి, మనుషుల ప్రవర్తన ఎక్కడ తెగుతుందో చూసి గీత పెట్టామని చూపిస్తే చాలు. "మొదటినుంచీ ఇంతే" అనే జవాబు ఫైండింగ్‌గా, అంటే ఆడిటర్ రాసే లోపంగా, మారుతుంది. మినహాయింపులూ అంతే. పెద్ద కార్యాలయాల ఉద్యోగులు డేటా సెంటర్ ప్రాక్సీల గుండా వస్తుంటారు, వాళ్లను లోపలికి అనుమతించడం సబబే. అయితే ప్రతి మినహాయింపుకూ అడిగినవారి పేరు, కారణం, గడువు తేదీ ఉండాలి. 90 రోజుల గడువు పెట్టి, తీరగానే మళ్లీ నిరూపించమనండి. గడువు లేని మినహాయింపుల జాబితానే మోసగాళ్లకు రహదారి.

వడపోతను బయటి సంస్థకు అప్పగించినవాళ్లు ఎక్కువ. వాళ్ల గుర్తింపు పత్రం వాళ్ల సాంకేతికతకు మాత్రమే. దాన్ని మీరు ఎక్కడ, ఎలా తగిలించారన్నది మీ బాధ్యత. ఆ పత్రం ఈ ఏడాదిదేనా, మీ ఫార్మాట్లు అందులో ఉన్నాయా చూడండి. తర్వాత ఒక నెలకు మీరు పంపిన లావాదేవీల సంఖ్య, వాళ్లు తీర్పు చెప్పి తిప్పి పంపిన సంఖ్య పక్కపక్కన పెట్టండి. తేడా ఎందుకొచ్చింది? చాలాసార్లు జవాబు టైమవుటే. ఇన్ని మిల్లీసెకన్లలో తీర్పు రాకపోతే లావాదేవీని చెల్లినట్టే ముందుకు పంపమని ఎవరో ఏనాడో సెట్టింగ్ పెట్టి ఉంటారు. రద్దీ పెరిగిన గంటల్లో ఫిల్టర్ లేనట్టే. అలా దాటిపోయినవాటిని బిల్లుకు ముందు మళ్లీ వడపోసే రెండో దశ తప్పకుండా ఉండాలి.

చివరగా డబ్బు. చెల్లదని తేల్చిన ఇంప్రెషన్‌కు క్లయింట్ బిల్లులో సొమ్ము పడిందా? ఆడిటర్ ఒక లావాదేవీని లాగ్ నుంచి రిపోర్ట్ దాకా, రిపోర్ట్ నుంచి ఇన్వాయిస్ దాకా వెంబడిస్తారు. మీరు ముందే ఐదు ఇన్వాయిస్‌లు తీసి వెనక్కి నడిచి చూడండి. ప్రకటనకర్త తాను మనుషులకు చూపిస్తున్నాననుకుని ఇచ్చే డబ్బు ఇది. ఈ పనంతా చివరికి ఆ నమ్మకం కోసమే కాబట్టి ఈ అడుగును బద్ధకించకండి.

లెక్క సరిగా ఉందో లేదో మీరే పరీక్షించడం

ఎంఆర్‌సీ ప్రమాణంలో డిస్‌ప్లే ప్రకటన చూడదగినది అనిపించుకోవాలంటే 50 శాతం పిక్సెళ్లు వరుసగా 1 సెకను తెరమీద ఉండాలి. వీడియోకైతే 50 శాతం పిక్సెళ్లు, వరుసగా 2 సెకన్లు. 2,42,500 పిక్సెళ్లు, అంతకు మించిన పెద్ద ప్రకటనలకు 30 శాతం చాలు. కొలిచే పద్ధతి: డిస్‌ప్లేకు 100 మిల్లీసెకన్లకోసారి, వీడియోకు 200 మిల్లీసెకన్లకోసారి చూస్తూ వరుసగా పదిసార్లు షరతు నెరవేరాలి. కోడ్‌లో ఈ "వరుసగా" అన్నది పోతుంటుంది. మొత్తం మీద పదిసార్లు కనబడితే చాలని రాస్తారు. అప్పుడు పైకీ కిందికీ జరిపిన పేజీలో ముక్కలు ముక్కలుగా కనబడ్డ ప్రకటన కూడా లెక్కలోకి వస్తుంది. ఇంప్రెషన్‌ను కూడా సర్వర్ పంపినప్పుడు కాకుండా తెరమీద గీయడం మొదలైనప్పుడే లెక్కించాలి.

ఒక పరీక్ష పేజీ కట్టండి, 300×250 ప్రకటన ఒక్కటే పెట్టండి. వందసార్లు లోడ్ చేయండి: 60 సార్లు ప్రకటన పూర్తిగా కనబడుతూ కనీసం 5 సెకన్లు, 20 సార్లు ప్రకటన తెర కింద ఉండి కిందికి జరపకుండా, 10 సార్లు బాట్ యూజర్ ఏజెంట్‌తో, 10 సార్లు డేటా సెంటర్ ఐపీ నుంచి. చివరి ఇరవైలోనూ ప్రకటన కనబడేలా ఉంచండి. రావాల్సింది: మొత్తం 100, చెల్లనివి 20, నికరం 80, చూడదగినవి 60, అంటే 75 శాతం. ప్రతి లోడ్ సమయాన్ని సెకన్లతో సహా చేత్తో రాసుకుని, తర్వాత ముడి లాగ్‌తో వరుస వరుసగా పోల్చండి.

అంకెలు కలవకపోతే కంగారుపడే ముందు నాలుగు సంగతులు చూడండి. జావాస్క్రిప్ట్ నడపని బాట్‌తో పరీక్షిస్తే బీకన్ (ప్రకటన చూపామని సర్వర్‌కు వెళ్లే కబురు) అసలు వెళ్లదు, మొత్తమే 90 వస్తుంది. పూర్తి బ్రౌజర్‌నే ఆటోమేషన్‌తో నడిపి యూజర్ ఏజెంట్ మార్చాలి. లేజీ లోడింగ్ ఉంటే తెర కింద ప్రకటన గీయడమే జరగదు కాబట్టి ఆ 20 ఇంప్రెషన్లు రావు, అది సరైన ఫలితమే. ఆఫీసు నెట్‌వర్క్ నుంచి పరీక్షిస్తే సొంత ట్రాఫిక్ ఫిల్టర్ అన్నిటినీ తీసేయవచ్చు. ఫోన్ డేటా వాడండి. రిపోర్ట్ ఒక టైమ్ జోన్‌లో, లాగ్ ఇంకో టైమ్ జోన్‌లో ఉంటే అర్ధరాత్రి దగ్గర చేసిన పరీక్ష రెండు రోజులకు చీలిపోతుంది.

క్లయింట్ అంకెలకూ మీ అంకెలకూ తేడా 10 శాతం దాటితే కూర్చుని సరిచూసుకోవాలన్నది ఐఏబీ, అమెరికా ఏజెన్సీల సంఘం ఫోర్ ఏస్ ప్రామాణిక ఒప్పంద షరతుల్లో ఉన్న గీత. ఆ సరిచూపు ఫలితాన్ని ఈమెయిల్ సంభాషణల్లో వదలకుండా ఒక పట్టికలోకి ఎక్కించండి.

సమ్మతి

యూరప్ వాడుకరులుంటే 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వర్తిస్తుంది. సమ్మతి తీసుకున్నామని చూపించాల్సిన భారం మీదే. సమ్మతిని నమోదు చేసి చేరవేయడానికి రంగంలో ఎక్కువమంది వాడే టీసీఎఫ్ చట్రం 2023లో 2.2 వెర్షన్‌కు మారింది. వ్యక్తిగత ప్రకటనలు, కంటెంట్‌కు సంబంధించిన 3 నుంచి 6 వరకున్న ప్రయోజనాలకు చట్టబద్ధ ఆసక్తి (సమ్మతి అడగకుండానే సమాచారం వాడుకునే వీలు) అనే ఆధారం ఇక చెల్లదు, సమ్మతే కావాలి. బ్యానర్ మొదటి పొరలోనే వెండర్ల (సమాచారం వాడుకునే కంపెనీల) సంఖ్య చెప్పాలి. ఒప్పుకున్నంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలి.

తనిఖీకి ప్రైవేట్ విండో తెరిచి, డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ పెట్టి, నాలుగు రికార్డులు హార్ ఫైళ్లుగా (పేజీ ఎవరెవరికి పిలుపులు పంపిందో చూపే ఫైళ్లు) దాచండి. ఒకటి ఏమీ నొక్కకముందు, రెండు తిరస్కరించాక, మూడు ఒప్పుకున్నాక, నాలుగు ఒప్పుకుని వెనక్కి తీసుకున్నాక. మొదటి రెండింటిలో ఏ ప్రకటన డొమైన్‌కైనా గుర్తింపు కుకీతో పిలుపు వెళ్తే అది ఉల్లంఘనే. దోషి సాధారణంగా ట్యాగ్ మేనేజర్‌లో (పేజీలోని కోడ్ ముక్కలను ఒక్కచోట నడిపే సాధనం) దొరకదు. పేజీ టెంప్లేట్‌లో ఎప్పుడో నేరుగా రాసేసిన పాత పిక్సెల్ (కంటికి కనబడని ట్రాకింగ్ కోడ్) అయి ఉంటుంది. అందుకే టెంప్లేట్ రకానికి ఒక పేజీ చొప్పున చూడండి: ముఖపేజీ, వ్యాసం, వీడియో, వెతుకులాట ఫలితాలు, దొరకని పేజీ. నెలకోసారి, బ్యానర్ మార్చిన ప్రతిసారి ఇది చేయాలి. బ్యానర్ స్క్రీన్‌షాట్ ప్రతి భాషలోనూ, వెర్షన్ సంఖ్యతో ఉండాలి.

సమ్మతి స్ట్రింగ్ (వాడుకరి ఎంపికలను నమోదు చేసే అక్షరాల వరుస) కూడా వ్యక్తిగత సమాచారం కావచ్చని 2024 మార్చిలో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం చెప్పింది. కాబట్టి రుజువు కోసం దాచే సమ్మతి లాగ్‌లకు కూడా ఎవరు చూడొచ్చు, ఎన్నాళ్లు ఉంచాలి అనే హద్దులు కావాలి. పిల్లల కంటెంట్ ఉంటే ఇంకో అడుగు: అమెరికాలో 13 ఏళ్లలోపు వారి గోప్యతకు కోపా చట్టం ఉంది. బిడ్ అభ్యర్థనలో కోపా గడి 1 అని వెళ్తోందా, ఆ సంకేతం చివరి కొనుగోలుదారు దాకా చెరగకుండా చేరుతోందా లాగ్‌లో చూడండి.

ఏజెన్సీలకు ప్రకటనలోని మాటల సంగతి కూడా ఉంటుంది. "రెండు రెట్లు వేగం" అని రాస్తే ఆ పరీక్ష నివేదిక ప్రకటన వెలువడక ముందే ఫైలులో ఉండాలి, తర్వాత చేయించింది పనికిరాదు. ఒక్కో వాదనకు ఒక్కో ఫైలు, అందులో ఆధారం, ఆమోదించినవారి పేరు, తేదీ, ఆ రోజు ల్యాండింగ్ పేజీ నకలు.

రుజువుల అల్మరా

ఆడిటర్ అన్నీ చూడరు, నమూనా తీస్తారు. ఏడాదికోసారి జరిగే పనికి ఒకటి, మూడు నెలలకోసారి జరిగేదానికి రెండు, నెలవారీ పనికి రెండు నుంచి ఐదు, వారంవారం జరిగేదానికి ఐదు నుంచి పదిహేను, రోజూ జరిగేదానికి పాతిక దాకా అడగడం సాధారణం. మీరూ అదే లెక్కన మీ మీద మీరు నమూనా తీసుకోండి. తేదీలను మీకు నచ్చినట్టు ఎంచుకోకుండా స్ప్రెడ్‌షీట్‌లో యాదృచ్ఛిక సంఖ్యతో తీయండి. సెలవు రోజులూ, పండగ వారాలూ అందులో పడాలి. పని తప్పేది ఆ రోజుల్లోనే.

నమూనాకు ముందు ఆడిటర్ మొత్తం జాబితా అడుగుతారు. ఆ జాబితా పూర్తిగా ఉందని ఎలా నమ్మాలి? అందుకే ఏ క్వెరీతో తీశారో, ఏ సిస్టమ్ నుంచో, ఎన్ని వరుసలు వచ్చాయో కనబడే స్క్రీన్‌షాట్ కలిపి ఇవ్వండి. స్క్రీన్‌షాట్ అంటే మొత్తం తెర: చిరునామా పట్టీ, తేదీ, సమయం కనబడాలి. పక్కకు కత్తిరించిన బొమ్మ పంపితే మళ్లీ అడుగుతారు.

లోపల ఎవరికి ఏ హక్కు ఉందో మూడు నెలలకోసారి చూడండి, వెళ్లిపోయినవాళ్ల ఖాతాలు మూసిన తేదీ హెచ్‌ఆర్ తేదీతో కలవాలి. ఫిల్టర్ నియమం మార్చే టికెట్‌లో రాసినవారూ, ఆమోదించినవారూ వేరు వేరు మనుషులై ఉండాలి. ఇక్కడికి ఇంత చాలు. భద్రతా ఆడిట్ చేసినవాళ్లకు మిగతాది తెలిసిందే.

రుజువు దొరకని చోట వెనక తేదీ వేసి పత్రం తయారు చేయాలన్న ఆలోచన వస్తుంది. వద్దు, ఎన్నటికీ వద్దు. ఫైలు మెటాడేటాలో అసలు తేదీ బయటపడుతుంది. తప్పిపోయిన ఒక నెల చిన్న ఫైండింగ్. కల్పించిన ఒక పత్రం బయటపడితే మిగతా పత్రాలన్నీ అనుమానంలో పడతాయి.

ఆడిట్ వారం, ఆ తర్వాత

ప్రశ్నలన్నీ ఒక్కరి ద్వారానే రావాలి, జవాబులన్నీ ఒక్క పట్టికలో నమోదు కావాలి. పనిని చూపించాల్సినప్పుడు మాత్రం రోజూ ఆ పని చేసే ఇంజినీరునే కూర్చోబెట్టండి. మేనేజర్ చెప్పేది పత్రంలో ఉన్నట్టు ఉంటుంది, ఇంజినీరు చేసేది వేరుగా ఉండొచ్చు. ఆ తేడా ఆడిట్‌కు ముందే మీకు తెలియాలి, రెండు వారాల ముందు ఒక రిహార్సల్ పెట్టుకోండి. తెలియని ప్రశ్నకు ఊహించి జవాబివ్వకుండా "చూసి రేపు చెబుతాం" అనండి, రేపటికి చెప్పండి.

ఫైండింగ్ వస్తే జవాబులో నాలుగు భాగాలుండాలి: ఏం జరిగింది, ఎన్ని లావాదేవీల మీద ప్రభావం పడింది, మూలకారణం, మళ్లీ జరగకుండా ఏం మార్చారు. మూలకారణం దగ్గర "సిబ్బంది పొరపాటు" అని ఆపేస్తే తిప్పి పంపుతారు. ఆ పొరపాటును పట్టుకోవాల్సిన అలారం ఎందుకు లేదు అన్నది రాయాలి. సరిచేసిన తర్వాత కొత్త పద్ధతి కనీసం ఒకటి రెండు చక్రాలు నడిచిన రుజువు కలిపితేనే మూస్తారు. నెలవారీ పనైతే ఆ మూసివేతకు రెండు నెలలు పడుతుంది, క్లయింట్‌కు తేదీ మాట ఇచ్చేముందు ఈ లెక్క చూసుకోండి.

ముద్ర చేతికొచ్చాక వెబ్‌సైటులో లోగో పక్కన పరిధి కూడా రాయండి, అమ్మకాల బృందం ప్రజెంటేషన్లలోని వాక్యాన్ని కంప్లయన్స్ ఆఫీసర్ ఒకసారి చదవాలి. డెస్క్‌టాప్ డిస్‌ప్లేకు వచ్చిన గుర్తింపు టీవీ యాప్ ప్రతిపాదనలో కనబడితే అది కూడా తప్పుదారి పట్టించే ప్రకటనే. ఏడాది మధ్యలో కొత్త ఫార్మాట్ పెట్టినా, ఇంకో సంస్థను కొన్నా, వడపోత వెండర్‌ను మార్చినా ముద్ర ఇచ్చిన సంస్థకు ఆ మార్పు జరిగే ముందే తెలియజేయాలి. కొత్త వెండర్‌కు మారేటప్పుడు పాతదాన్నీ కొత్తదాన్నీ నెల రోజులు పక్కపక్కనే నడపండి. రెండింటి తీర్పులు ఎంత కలిశాయో చూపే ఆ నెల నివేదికే వచ్చే ఏడు ఆడిట్ ఫైలులో మొదటి కాగితం.